ఎముక ఒప్పుకున్న లోహం: డెంటల్ ఇంప్లాంట్ గురించి కొంత

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అని మనకో సామెత ఉంది. ఊడగొట్టుకోవడానికి ఏ రాయైనా సరిపోతుందేమో గానీ, ఊడిన పన్ను చోట ఇంకోటి నిలబెట్టడానికి మాత్రం ఏ లోహం పడితే ఆ లోహం సరిపోదు. ఈ వ్యాసం ఆ లోహం గురించి, దాన్ని ఒప్పుకునే ఎముక గురించి.

కంప్యూటర్ సైన్స్ వాడికి పళ్ళతో ఏం పని అని మీరు అడగొచ్చు. మా అమ్మమ్మకి కట్టుడు పళ్ళు పెట్టి నాలుగేళ్ళయింది. పై సెట్టు బాగానే ఉంటుంది. కింది సెట్టు మాత్రం మాట్లాడుతుంటే లేస్తుంది, నములుతుంటే జారుతుంది. జొన్నరొట్టె పాలల్లో నానబెట్టుకుని తింటుంది. పెళ్ళిళ్ళకి వెళ్తే "ఆకలి లేదమ్మా" అని పక్కన కూర్చుంటుంది. నేను హాస్టల్‌కి వచ్చాక వీడియో కాల్ చేస్తే, "వద్దురా, మామూలు కాల్ చాలు" అనడం మొదలుపెట్టింది. ఎందుకో నాకు అర్థం కావడానికి ఆర్నెల్లు పట్టింది.

పోయిన వేసవిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ఎనిమిది ఇంప్లాంట్లు వెయ్యాలన్నారు. వాళ్ళు రాసిచ్చిన అంకె నా రెండేళ్ళ కాలేజీ ఫీజు కన్నా ఎక్కువ. అమ్మమ్మ ఆ కాగితం చూసి "ఇంకెన్నాళ్ళు బతుకుతానని" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. అందుకే చదవడం మొదలుపెట్టాను. చదివింది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

పన్ను పోతే పోయేది పన్ను ఒక్కటేనా?

మన వర్ణమాలలోనే పళ్ళకి వాటా ఉంది. త, థ, ద, ధ, న అనే అక్షరాలని దంత్యాలు అంటారు. నాలుక వెళ్ళి పై పళ్ళ వెనక తగిలితేనే అవి పుడతాయి. ఒకసారి "తాతా" అని మెల్లగా అనుకుని చూడండి, తెలుస్తుంది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఈ సంగతి మన క్లబ్బు వ్యాకరణం క్లాసులోనే తెలిసింది. ముందు పళ్ళు పోతే నమలడంతో పాటు మాట కూడా కొంచెం పోతుందన్నమాట.

ఇంకోటి బయటికి కనపడకుండా పోతుంది. అది ఎముక. దవడ ఎముకలో పన్ను వేరు ఉండే గట్టు, ఆ పన్ను ఉన్నంతకాలమే నిలుస్తుంది. నమిలే ప్రతిసారీ పన్ను మీద పడే బరువు ఎముకకి చేరుతుంది. ఆ పని ఉంది కాబట్టే శరీరం ఆ ఎముకని అలా ఉంచుతుంది. పన్ను తీసేశాక పని ఉండదు. మొదటి ఏడాదిలోనే ఆ గట్టు వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. వాడని మెమరీని సిస్టమ్ వెనక్కి తీసేసుకున్నట్టే ఇది. వయసు మళ్ళినవాళ్ళకి పళ్ళు లేకపోతే బుగ్గలు లోపలికి పోయి గడ్డం ముందుకి వచ్చినట్టు కనపడటానికి కారణం ఇదే.

పాత దారులు రెండు

మొదటిది కట్టుడు పళ్ళు. పై సెట్టు అంగిలి మొత్తాన్ని కప్పుతుంది కాబట్టి తడి అద్దం బల్లకి అతుక్కున్నట్టు అతుక్కుంటుంది. కింద ఆ సదుపాయం లేదు. మధ్యలో నాలుక ఉంటుంది, అది ఊరుకోదు. పట్టుకోవడానికి సన్నటి గట్టు మాత్రమే ఉంటుంది, అది కూడా ఏటా అరిగిపోతుంటుంది. అమ్మమ్మ కింది సెట్టు జారడం చేసినవాళ్ళ తప్పు కాదని నాకు ఇక్కడే అర్థమైంది.

రెండోది బ్రిడ్జి. పోయిన పన్నుకి అటూ ఇటూ ఉన్న పళ్ళని అరగదీసి, మూడింటికీ కలిపి ఒకే తొడుగు వేస్తారు. త్వరగా అయిపోతుంది. కానీ ఒక పన్ను కోసం బాగున్న రెండు పళ్ళని చెక్కాలి. వాటిలో ఒకటి పాడైతే మొత్తం బ్రిడ్జి పోతుంది. మన భాషలో చెప్పాలంటే డిపెండెన్సీ పెరిగిపోయింది.

కుందేలు కాలిలో దొరికిన జవాబు

మూడో దారి దంతవైద్యంలో పుట్టలేదు. 1952లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు ఎముక లోపల రక్తం ఎలా పారుతుందో చూస్తున్నాడు. కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న గొట్టం లాంటి పరికరం అమర్చి, దానిగుండా మైక్రోస్కోపుతో చూసేవాడు. ప్రయోగం అయిపోయాక ఆ పరికరాన్ని తీసి మళ్ళీ వాడుకుందామనుకున్నాడు. అది రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది.

అప్పటిదాకా ఉన్న నమ్మకం ఏమిటంటే, శరీరంలో ఏ లోహం పెట్టినా దాని చుట్టూ మెత్తటి పొర ఒకటి అల్లుకుని దాన్ని వేరు చేసేస్తుంది. ముల్లు గుచ్చుకుంటే శరీరం దాన్ని బయటికి నెట్టాలని చూస్తుంది కదా, అలాగే. టైటానియంతో అలా జరగలేదు. ఎముక నేరుగా లోహం దాకా పెరిగింది. దీనికి బ్రోనెమార్క్ తర్వాత పెట్టిన పేరు ఆసియోఇంటిగ్రేషన్. ఎముక తనలో కలుపుకోవడం అని మనం అనుకోవచ్చు.

1965లో గోథెన్‌బర్గ్‌లో, పుట్టుకతోనే దవడ లోపం ఉండి కింది పళ్ళు లేని ఒక వ్యక్తికి ఆయన టైటానియం మరలు అమర్చాడు. ఆ మనిషి 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళకి పైగా అవి పనిచేశాయి. అయినా తోటి వైద్యులు అంత తేలిగ్గా నమ్మలేదు. ఆయన దంతవైద్యుడు కాదు, అదో అడ్డంకి. 1982లో టొరంటోలో జరిగిన సమావేశంలో ఏళ్ళ తరబడి కూడబెట్టిన ఫలితాలు చూపించాకే ప్రపంచం ఒప్పుకుంది. అంటే ఎముక 1952లో ఒప్పుకున్న సంగతిని మనుషులు ఒప్పుకోవడానికి 30 ఏళ్ళు పట్టింది!

టైటానియమే ఎందుకు?

గాలి తగలగానే టైటానియం మీద కొన్ని నానోమీటర్ల మందం ఉన్న ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడినా వెంటనే మళ్ళీ వచ్చేస్తుంది. ఈ పొర వల్ల లోహం తుప్పు పట్టదు, ఒంట్లోకి కరగదు. ఎముక కణాలకి తగిలేది అసలు లోహం కాదు, ఈ పొర. దాన్ని అవి శత్రువుగా చూడవు. ఇప్పటి ఇంప్లాంట్ల పైభాగాన్ని కావాలనే ఇసుకతో, యాసిడ్‌తో గరుకు చేస్తారు. నున్నటి గోడకన్నా గరుకు గోడకి సిమెంటు బాగా పట్టినట్టు, ఎముక కూడా గరుకుదాన్నే త్వరగా పట్టుకుంటుంది.

లోపల ఉండేవి మూడు ముక్కలు

బయటినుంచి ఒక్క పన్నులాగే కనిపిస్తుంది గానీ, అందులో మూడు భాగాలుంటాయి.

మొదటిది ఎముకలోకి వెళ్ళే మర. మామూలుగా 3.5 నుంచి 5 మిల్లీమీటర్ల మందం, 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఇది వేరు బదులు.

రెండోది అబట్‌మెంట్. మరకీ పైన వచ్చే పన్నుకీ మధ్య, చిగురులోంచి బయటికి వచ్చే చిన్న స్తంభం.

మూడోది క్రౌన్, అంటే మనకి కనిపించే పన్ను. పింగాణీ లేదా జిర్కోనియాతో చేస్తారు.

మర వేసేముందు త్రీడీ స్కాన్ తీస్తారు. కింది దవడలో పెదవికి, గడ్డానికి స్పర్శ తెలిపే నరం ఎముక లోపలి కాలువలో వెళ్తుంది. దానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారిపోవచ్చు. పై దవడలో ముక్కు పక్కన ఉండే గాలి గది అడ్డొస్తుంది. రెండింటినీ తప్పించుకుని ఎముక ఎక్కడ ఎంత ఉందో కొలవాలి. రంధ్రం చేసేటప్పుడు నీళ్ళు పోస్తూనే ఉండాలి. ఎందుకంటే 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక కణాలు దెబ్బతింటాయి.

ఎదురుచూడటమే అసలు చికిత్స

నాకు బాగా ఆసక్తి కలిగించింది ఈ భాగం. మర బిగించిన రోజు అది గట్టిగానే ఉంటుంది. చెక్కలో స్క్రూ దిగినట్టు అది కేవలం బిగింపు. తర్వాత శరీరం మర చుట్టూ నలిగిన పాత ఎముకని తీసేస్తూ, కొత్తది కట్టడం మొదలుపెడుతుంది. తీసేయడం ముందు, కట్టడం వెనక. అందుకని మూడు నాలుగు వారాలప్పుడు పట్టు మొదటిరోజు కన్నా తగ్గుతుంది! గ్రాఫ్ గీస్తే మధ్యలో ఒక లోయ వస్తుంది. నొప్పి తగ్గిపోయింది కదా అని ఆ లోయలో ఉన్నప్పుడు గట్టివి కొరికితే మర కదులుతుంది. మిల్లీమీటర్‌లో పదో వంతు దాటి మాటిమాటికీ కదిలితే అక్కడ ఎముక బదులు మెత్తటి పొర అల్లుకుంటుంది. అప్పుడు మరని తీసెయ్యాల్సిందే.

అందుకే చాలా కేసుల్లో మూడు నుంచి ఆరు నెలలు ఆగుతారు. "ఒక్క రోజులో పళ్ళు" అని బోర్డులు చూస్తుంటాం. ఎముక బాగా ఉండి, మర మొదటిరోజే గట్టిగా కూర్చున్న కొందరికి అదీ సాధ్యమే. అందరికీ కాదు.

ఎవరికి జాగ్రత్త?

షుగర్ అదుపులో లేనివాళ్ళకి, పొగ తాగేవాళ్ళకి ఎముక పట్టడం కష్టం. ఎముకలు గుల్లబారకుండా కొన్ని రకాల మందులు వాడేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. దవడ ఇంకా పెరుగుతున్న పిల్లలకి వెయ్యకూడదు. చుట్టూ ఎముక పెరుగుతుంది గానీ ఇంప్లాంట్ అక్కడే ఆగిపోతుంది, కొన్నాళ్ళకి ఆ పన్ను గుంటలో ఉన్నట్టు కనపడుతుంది.

లోహానికి పుచ్చు రాదు నిజమే. కానీ చిగురుకి వస్తుంది జబ్బు. శుభ్రం చెయ్యకపోతే ఇంప్లాంట్ చుట్టూ చిగురు వాచి, కింద ఎముక కరిగిపోతుంది. పైగా అసలు పన్నుకీ ఎముకకీ మధ్య 0.2 మిల్లీమీటర్ల మెత్తటి పొర ఉంటుంది. అన్నంలో చిన్న రాయి వస్తే ఉలిక్కిపడేలా చేసేది అదే. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు. కాబట్టి ఎంత ఒత్తిడి పడుతోందో దానికి అంత బాగా తెలియదు. ఇవన్నీ ఉన్నా, సరిగ్గా ఎంచుకున్నవాళ్ళలో పదేళ్ళ తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా నిలుస్తున్నాయి.

హాస్టల్ మిత్రులకి ఒక మాట

క్రికెట్ బంతి తగిలో, బండి మీంచి పడో పన్ను మొత్తం ఊడి చేతికొస్తే దాన్ని పారేయకండి. తెల్లగా కనిపించే పైభాగాన్ని మాత్రమే పట్టుకోండి, వేరుని ముట్టుకోవద్దు, రుద్దవద్దు. మట్టి ఉంటే పాలతో గానీ నీళ్ళతో గానీ ఒక్కసారి కడిగి, వీలైతే అదే గుంటలో పెట్టి మెల్లగా అదమండి. వీలుకాకపోతే పాలల్లో వేసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. అరగంట లోపు, మహా అయితే గంట లోపు చేరితే మీ పన్నే మళ్ళీ అతుక్కునే అవకాశం ఉంది. ఎంత మంచి ఇంప్లాంటైనా దానికన్నా మంచిది కాదు.

మళ్ళీ అమ్మమ్మ దగ్గరికి

చదువుతుంటే ఒకచోట నాకు కావల్సింది దొరికింది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు కలిసి ఒక మాట చెప్పారు. కింది దవడలో ఒక్క పన్నూ లేనివాళ్ళకి మొదట ఆలోచించాల్సింది రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే కట్టుడు పళ్ళు అని. ఎనిమిది కాదు, రెండు! కోర పళ్ళు ఉండే చోట చెరొకటి. ఆ చోటికి రాకముందే నరం ఎముకలోంచి బయటికి వచ్చేస్తుంది కాబట్టి ప్రమాదం కూడా తక్కువ. వాటి మీద చొక్కా ప్రెస్ బటన్ లాంటిది ఉంటుంది. కింది సెట్టు దానికి టక్కున పట్టుకుంటుంది. రాత్రి తీసి కడుక్కోవచ్చు.

ఎనిమిది వెయ్యడం తప్పని నేను అనను. కదలని పళ్ళు కావాలనుకుని, ఎముక, డబ్బు ఉన్నవాళ్ళకి అదీ ఒక దారే. కానీ రెండోది ఒకటుందని మాకు ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వ డెంటల్ కాలేజీకి తీసుకెళ్ళి అడిగితే అక్కడి డాక్టరుగారు స్కాన్ చూసి, "రెండు చాలమ్మా, ముందు షుగర్ తగ్గించుకుని రండి" అన్నారు. మూడు నెలల సగటు షుగర్ 9 దాటి ఉంది. అమ్మమ్మ నాలుగు నెలలు సాయంత్రాలు నడిచింది, అన్నం తగ్గించింది. 7.4కి తెచ్చింది. పరీక్షలకి నేను కూడా అంత కష్టపడను.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం వస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. నాకు ఇంకేం దారులున్నాయి? స్కాన్‌లో ఎముక ఎంత ఉంది? ఎన్నాళ్ళు ఆగాలి? ఏ కంపెనీ, ఏ సైజు వేశారో కార్డు ఇస్తారా? చివరిది చిన్నదనుకోవద్దు. ఒక కంపెనీ మరకి ఇంకో కంపెనీ భాగాలు చాలావరకు సరిపోవు. పదేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో రిపేరు వస్తే ఆ కార్డే దిక్కు.

అమ్మమ్మకి మరలు వేసి ఆరు వారాలైంది. లోయ దాటేసినట్టే. బటన్లు పెట్టడానికి ఇంకో ఆరు వారాలుంది. ఇప్పటికీ జొన్నరొట్టె పాలల్లోనే, ఇప్పటికీ మామూలు కాలే. నా గోడ క్యాలెండర్‌లో సెమిస్టర్ పరీక్షల తేదీలకి ఎర్ర గీత ఉంది. ఆ తేదీకి రెండు గీతలు గీశాను.