తిథి చూసుకుని దీఘా బయల్దేరండి

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో సముద్రం మాటెత్తితే ముందు పూరీ, లేకపోతే విశాఖ. చేతిలో పాసు పెట్టుకుని దగ్గరి ఊరికి పోవడం దండగ అన్నది రైల్వే వాళ్ల పాత లెక్క. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చిన తాతల దగ్గర్నుంచీ ఆ లెక్కే నడుస్తోంది. కానీ ఇంట్లో పదేళ్లలోపు పిల్లలు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు ఉంటే నా ఓటు దీఘాకే. రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైమాట, అంతే. పూరీలో తీరం చప్పున దిగిపోతుంది, అల ఒడ్డుకొచ్చి విరుగుతుంది. దీఘా ఇసుక గట్టిగా, చదునుగా చాలా దూరం పోతుంది. పాసు సెట్టు పూరీకో, సొంతూరికో దాచుకోండి. దీఘా టికెట్టుకి దాన్ని ఖర్చు పెట్టడం తెలివి కాదు.

అందరూ గది వెతకడంతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది గోడమీది తెలుగు క్యాలెండర్‌తో. విశాఖ, కళింగపట్నం చూసిన కళ్లకి దీఘా సముద్రం కొత్తగా ఉంటుంది. బంగాళాఖాతం ఉత్తరపు కొసకి వచ్చేసరికి లోతు తగ్గి, ఇరుకై, పోటుకీ పాటుకీ మధ్య తేడా మన తీరంలో కంటే బాగా పెరుగుతుంది. చదును తీరం కాబట్టి పాటులో నీరు ఎక్కడికో పోతుంది, పోటులో పాత దీఘా రాతికట్ట దాకా వచ్చి కొడుతుంది. పున్నమికీ అమావాస్యకీ సూర్యచంద్రుల లాగుడు ఒకే వరసలో పడి ఈ తేడా మరీ ఎక్కువ. బెంగాలీలు దాన్ని భరా కోటాల్ అంటారు. 2021 మే 26న యాస్ తుఫాను ఒడిశాలో తీరం దాటినా దీఘా వీధులు మునిగాయి. ఆ రోజు పౌర్ణమి.

అందుకని అష్టమి చుట్టూ రోజులు ఎంచుకోండి. అప్పుడు సూర్యుడి లాగుడూ చంద్రుడి లాగుడూ ఒకదానికొకటి అడ్డం పడి పోటు మెత్తబడుతుంది. ఆ మెత్తదనం అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకి ఇంకా బాగా తెలుస్తుంది. అష్టమి నాడు గడప దాటొద్దనే పెద్దవాళ్లుంటే సప్తమి నాడే బయల్దేరి నవమి దాకా ఉండండి. వాళ్ల మాటా నెగ్గుతుంది, సముద్రమూ సాధువుగా దొరుకుతుంది.

తిథి కుదిరాక నెల. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది, నవంబరులో మాత్రం తుఫాను కబురు చూసుకోవాలి. దుర్గాపూజ సెలవులు, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా వారం వదిలేయండి. కోల్‌కతా అంతా అక్కడే ఉంటుంది. 2025 ఏప్రిల్ 30న దీఘాలోనూ జగన్నాథాలయం తెరిచారు కాబట్టి రథయాత్ర లాంటి పండగ రోజుల రద్దీ కూడా లెక్కలో వేసుకోవాలి. అన్నిటికంటే డబ్బు మిగిల్చే పని శని, ఆదివారాలు మానేయడం. సోమవారం మధ్యాహ్నం చేరి బుధవారం తిరిగొచ్చేలా రెండు మూడు రోజుల సెలవు పెట్టుకుంటే అదే గది చాలా తక్కువకి వస్తుంది, బేరానికీ చోటుంటుంది.

వెళ్లడానికి రెండు దారులు. బస్సయితే బెల్దా, ఎగ్రా మీదుగా నేరుగా పోతుంది. రైలయితే హౌరా వైపు లోకల్‌లో పాన్స్‌కురా వెళ్లి, అక్కడ దీఘా బండి పట్టుకోవాలి. తమ్లుక్ నుంచి దీఘాకి పట్టాలు 2004లో పడ్డాయి. తూర్పుకి పోయి దక్షిణానికి తిరిగే చుట్టుదారి, బళ్లూ తక్కువ. అయినా బస్సులో వాంతులు చేసుకునే పిల్లలుంటే రైలే నయం. ఐదేళ్లలోపు వాళ్లకి టికెట్టు అక్కర్లేదు, పన్నెండులోపు వాళ్లకి సగం.

గది న్యూ దీఘాలో తీసుకోండి, సముద్రం కనిపించే గది మాత్రం వద్దు. పగలంతా ఇసుకలో ఉండేవాళ్లకి కిటికీలోంచి సముద్రం ఎందుకు? రెండు వీధులు లోపలికి వెళితే అద్దె దిగుతుంది. ఫోన్‌లో మూడు సంగతులు అడగండి: ఖాళీ చేసే వేళ ఎన్నింటికి, అదనపు పరుపుకి ఎంత, వేడినీళ్లు బకెట్టుతో తెస్తారా గీజరుందా. పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులూ వెంట ఉండాలి.

మొదటి పూట తిండి ఇంటినుంచే. పులిహోర, జంతికలు, పిల్లలకి అరటిపళ్లు. బస్సు ఆగిన చోట కొనే తిండిలోనే సగం డబ్బు కరిగిపోతుంది.

చేరిన రోజు పోటు ఎప్పుడో ఫోన్‌లో చూసి కాగితం మీద రాసుకోండి. పోటుకీ పోటుకీ మధ్య సుమారు పన్నెండున్నర గంటలు. మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ ఒక్క కాగితంతో రోజంతా అమరిపోతుంది. నీరు వెనక్కి లాగుతున్నప్పుడు పిల్లల్ని దింపకండి. పాటు ముగిసి నీరు మెల్లగా పైకి వస్తున్న తొలి గంటల్లో, మోకాలి లోతు దాటకుండా, చెయ్యి పట్టుకుని ఆడించండి. నిండు పోటు వేళ గదిలో కునుకు, లేదా అక్వేరియం. పాత దీఘా రాళ్ల మీద నాచు జారుతుంది, అక్కడ గట్టు మీంచి చూడ్డం వరకే. తీరం కాపలా కాసే నూలియాలు ఈల వేస్తే వాదించకుండా బయటికి వచ్చేయండి. పూరీలో ఈ పని చేసే నూలియాలు పెంటకోట వాడలోని మన తెలుగు జాలర్లే, అక్కడ తెలుగులోనే చీవాట్లు పడతాయి!

రెండోరోజు టోటో (బ్యాటరీ రిక్షా) మాట్లాడుకుని ఉదయపూర్ తీరం, ఒడిశా గడప దాటగానే చందనేశ్వర్ శివాలయం, అక్కణ్నుంచి తాల్‌సారి. ఎక్కేముందే మూడు చోట్లకీ కలిపి, ఆగే సమయంతో సహా రేటు ఖాయం చేసుకోవాలి. తాల్‌సారిలో పాయ దాటితేనే సముద్రం, కాబట్టి అక్కడికి చేరే వేళ పాటుకి కలవాలి. మళ్లీ ఆ కాగితమే చూసుకోండి.

చేపలు తినే ఇల్లయితే ఒక ఉదయం దీఘా మోహనా వేలం చూడండి. చందువాలు, పండుగప్పలు, రొయ్యలు బుట్టలకొద్దీ దిగుతాయి. కిలోల లెక్కన కొని, వండిపెట్టే చిన్న హోటల్‌కి ఇస్తే, మెనూ చూసి ఆర్డరిచ్చిన దానికంటే కడుపు నిండుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకి నిషేధం, ఆ రోజుల్లో వెళితే ఈ సరదా మీద ఆశ పెట్టుకోకండి.

తిరుగు ప్రయాణం చీకటి పడకముందే మొదలుపెట్టండి, చివరి బస్సుని నమ్ముకోవద్దు. జీడిపప్పు కాంథీ వైపు నుంచి వస్తుంది, ధర అడగకుండా సంచీ విప్పించకండి. పలాస పప్పు తిన్న ఇంటివాళ్లు గింజ చిన్నదని పెదవి విరుస్తారు. విరిస్తే విరవనివ్వండి, బేరానికి పనికొస్తుంది.