గడప దాటిన స్త్రీలు

తంజావూరు సమీపంలోని తిరువయ్యారులో, కావేరీ తీరాన త్యాగరాజస్వామి సమాధి ఉంది. ఏటా పుష్య బహుళ పంచమినాడు అక్కడ జరిగే ఆరాధనోత్సవంలో స్త్రీలు, పురుషులు కలిసి కూర్చొని పంచరత్న కృతులను ఆలపిస్తారు. చూసేవారికి ఇది అనాదిగా వస్తున్న ఆచారమని తోస్తుంది. కాని వంద సంవత్సరాల క్రితం ఆ ఉత్సవంలో స్త్రీకి పాడే అర్హత లేదు. ఆ అర్హత కోసం పోరాడిన విదుషి బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878లో కర్ణాటకలోని నంజనగూడులో, దేవదాసీ కుటుంబంలో జన్మించారు. సంగీతంతోపాటు సంస్కృతం, తెలుగు, కన్నడ భాషలలో పాండిత్యం గడించారు. మద్రాసులో స్థిరపడి గాయనిగా కీర్తిని, సంపదను ఆర్జించారు. అయితే ఆమె ధైర్యం మొదట సాహిత్యరంగంలోనే లోకానికి తెలిసింది. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన కవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ను ఆమె పరిష్కరించి 1910లో వెలువరించారు. అంతకుముందటి ముద్రణలో కొన్ని పద్యాలు, కవయిత్రి తన వంశాన్ని చెప్పుకొన్న భాగం లోపించడం ఆమెను బాధించింది. ఆ కావ్యంలోని శృంగారం స్త్రీ నోట రాదగినది కాదని కందుకూరి వీరేశలింగం పంతులు ఆక్షేపించి ఉన్నారు. పురుషులు రాస్తే తప్పు కానిది స్త్రీ రాస్తే ఎలా తప్పవుతుందని నాగరత్నమ్మ తన పీఠికలో నిలదీశారు. స్త్రీ విద్య కోసం, వితంతు వివాహాల కోసం జీవితాన్ని ధారపోసిన సంస్కర్తనే ఆమె ప్రశ్నించారన్నది ఇక్కడ గమనించదగిన విషయం. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలంలోగాని ఆ నిషేధం తొలగలేదు.

త్యాగరాజస్వామి సమాధి శిథిలావస్థలో ఉన్నదని తన గురువు బిడారం కృష్ణప్ప ద్వారా తెలుసుకొన్న నాగరత్నమ్మ 1921లో దాని పునరుద్ధరణకు పూనుకొన్నారు. తాను సంపాదించిన ధనాన్ని వెచ్చించి అక్కడ ఆలయం కట్టించారు. ప్రతిష్ఠ జరిగింది. ఆలయం ఆమె కట్టించినదే అయినా, ఉత్సవాలు నిర్వహించే వర్గాలు అందులో పాడే అవకాశం మాత్రం ఆమెకు ఇవ్వలేదు. ఇంతకంటె విడ్డూరం మరొకటి ఉంటుందా? ఆమె అలిగి వెనుదిరగలేదు. 1927లో స్త్రీలను సమీకరించి వేరుగా ఆరాధన ప్రారంభించారు. స్త్రీల బృందం ఏటేటా బలపడింది. 1941 నాటికి వర్గాలన్నీ ఏకమై, ఉత్సవం ఒక్కటిగా జరగసాగింది. స్త్రీలకు ఆరాధనలో పాల్గొనే పూర్తి హక్కు ఉండాలన్న షరతుతో ఆమె తన ఆస్తిని ధర్మనిధికి రాసి, 1952లో కన్నుమూశారు. సమాధికి ఎదురుగా ఇప్పుడు ఆమె విగ్రహం ఉంది.

నాగరత్నమ్మకు వేదిక దొరకలేదు. మారుమూల పల్లెల ఆడపిల్లలకు వేదిక మాట అటుంచి, ఊరు దాటే దారే దొరకడం కష్టం. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో గిరిజన వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన మాలావత్ పూర్ణకు ఆ దారి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో దొరికింది. భువనగిరి కొండ మీద శిలారోహణం నేర్చుకొన్న ఆమె, డార్జిలింగులో పర్వతారోహణ శిక్షణ పొందింది. 2014 ఏప్రిల్‌లో ఎవరెస్టుపై నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది మరణించారు. ఆ వార్త విన్న తరువాత కూడా పూర్ణ వెనుకంజ వేయలేదు. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్‌తో కలిసి టిబెట్ వైపునుంచి ఎక్కి, మే 25న శిఖరం చేరుకొంది. అప్పటికి ఆమెకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. ఎవరెస్టును అధిరోహించిన బాలికలలో అంతకంటె చిన్న వయసువారు అప్పటికి లేరు. 2022లో ఉత్తర అమెరికాలోని డెనాలీని కూడా అధిరోహించి, ఏడు ఖండాలలోని అత్యున్నత శిఖరాల యాత్రను ఆమె పూర్తి చేసింది.

పూర్ణ విజయానికి రెండు దశాబ్దాల ముందే, నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన స్త్రీలు పలకా బలపం పట్టారు. పగలంతా పొలం పని చేసి, రాత్రివేళ అక్షరాలు దిద్దారు. భర్తల కూలి డబ్బు సారా దుకాణానికి చేరుతుంటే పిల్లల కడుపులు మాడడం వారికి నిత్యానుభవం. ఇంటింటా ఒంటరిగా మోసిన ఆ దుఃఖం అక్షరాస్యతా కేంద్రంలో పదిమంది మధ్య చర్చకు వచ్చింది. 1992లో వర్ధినేని రోసమ్మ మొదలైనవారు ముందుకు నడిచి ఊరిలో సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం ఊరూరా పాకింది. సారా వేలం పాటలను స్త్రీలు అడ్డుకొన్నారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అది 1997లో సడలిపోయింది. దూబగుంట స్త్రీలు మాత్రం తమ ఊరి దుకాణాన్ని మూయించడానికి ఏ ఉత్తర్వు కోసమూ ఎదురుచూడలేదు.