నాశనాన్ని చెప్పే ఇంగ్లీషు క్రియలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: డ్యామేజ్, రూయిన్, డిస్ట్రాయ్ అనే మూడు క్రియలకూ నిఘంటువుల్లో ఇంచుమించు ఒకే అర్థం కనిపిస్తోంది. వాడుకలో వీటి మధ్య తేడా ఏమిటి?

జవాబు: నష్టం జరిగాక ఏమి మిగిలిందన్నదే ఈ మూడింటినీ వేరుచేస్తుంది. డ్యామేజ్ అన్నప్పుడు వస్తువుకు దెబ్బ తగులుతుంది గాని వస్తువు ఉంటుంది, బాగుచేస్తే మళ్లీ పనికివచ్చే అవకాశమూ ఉంటుంది. రూయిన్ అన్నప్పుడు వస్తువు కళ్లెదుటే ఉన్నా దాని విలువ, ప్రయోజనం పోతాయి. కోతకు వచ్చిన వరిచేను అకాల వర్షానికి నేలవాలి, కంకిమీదే గింజ మొలకెత్తితే, చేను చేనుగానే కనిపించినా ధాన్యం అమ్మకానికి పనికిరాదు కాబట్టి అక్కడ రూయిన్ సరిగ్గా అతుకుతుంది. కుప్పవేసిన పంట మంటల్లో కాలి బూడిదైతే చెప్పవలసింది డిస్ట్రాయ్. కట్టడం, పేర్చడం అనే అర్థంగల లాటిన్ ధాతువుకు వ్యతిరేకార్థాన్నిచ్చే ఉపసర్గ చేరి ఏర్పడిన ఈ క్రియ, వస్తువు తన రూపంలో ఇక లేదనీ బాగుచేయడానికి వీల్లేదనీ తెలుపుతుంది.

ప్రశ్న: భవనాన్ని కూల్చడాన్ని డెమాలిష్ అనాలా, డిస్ట్రాయ్ అనాలా? రేజ్ అనే మాట ఎక్కడ వాడాలి?

జవాబు: డెమాలిష్‌లో సాధారణంగా సంకల్పం, ప్రణాళిక ఉంటాయి. నోయిడాలోని జంట టవర్లను సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2022 ఆగస్టు 28న పేలుడు పదార్థాలు అమర్చి కూల్చినప్పుడు, ఆ పని ఎవరు, ఎందుకు, ఎలా చేయాలో ముందే నిర్ణయమైంది కాబట్టి ఇంగ్లీషు పత్రికలు ఈ క్రియనే వాడాయి. భూకంపంలో పోయిన భవనానికి డిస్ట్రాయ్ సరిపోతుంది. రేజ్ అనే క్రియకు లాటిన్‌లో గీరడం అనే అర్థం మూలం; క్షౌరం చేసే రేజర్, రాతను తుడిచే ఎరేజర్ ఈ కుటుంబానివే. ఒక ఊరునో కోటనో నేలమట్టం చేసి, పైకి ఏమీ కనిపించకుండా చేసినప్పుడు దీన్ని వాడతారు. పైకెత్తడం అనే అర్థంగల మరొక రేజ్ కూడా అచ్చంగా ఇలాగే పలుకుతుంది గాని, కూల్చే రేజ్‌లో జెడ్ అక్షరం, ఎత్తే రేజ్‌లో ఎస్ అక్షరం ఉంటాయి. రాతలో ఇవి తారుమారైతే అర్థం పూర్తిగా తలకిందులవుతుంది.

ప్రశ్న: డెసిమేట్ అంటే పదింట ఒక వంతును చంపడమేనని, మరో అర్థంలో వాడకూడదని కొందరు అంటారు. ఇది నిజమేనా?

జవాబు: పుట్టుక విషయంలో ఆ మాట నిజమే. తిరుగుబాటు చేసిన లేదా పారిపోయిన దళంలో చీట్లు వేసి, పదిమందిలో ఒకరిని తోటి సైనికుల చేతనే చంపించడం రోమన్ సైన్యంలో ఒక శిక్ష. స్పార్టకస్ తిరుగుబాటును అణచే కాలంలో క్రాసస్ అనే సేనాని ఈ పాత శిక్షను మళ్లీ అమలు చేశాడు. అయితే ఒక సమూహంలో పెద్దభాగాన్ని తుడిచిపెట్టడం అన్న అర్థం ఇంగ్లీషులో ఎప్పుడో స్థిరపడింది కాబట్టి, దాన్ని తప్పనడం వాడుకను కాదనడమే. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు అవశేషాలున్న కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయి, భారతదేశంలో కొన్ని జాతులు 90 శాతానికి పైగా తగ్గిపోయిన సందర్భానికి ఈ క్రియ తగినది. లెక్కపెట్టదగిన సమూహానికే దీన్ని వాడటం, కొంతైనా మిగిలి ఉంటుంది కాబట్టి పూర్తిగా అనే క్రియావిశేషణాన్ని దీనికి చేర్చకపోవడం మంచి రచనా పద్ధతి.

ప్రశ్న: వ్యాధుల విషయంలో ఎరాడికేట్, ఎలిమినేట్ రెండింటినీ తెలుగులో నిర్మూలన అనే అంటున్నారు. ఇవి ఒకటేనా?

జవాబు: కావు; ఈ తేడాను పట్టించుకోకపోతే ప్రజారోగ్యానికే చేటు. వేరు అనే లాటిన్ పదం నుంచి వచ్చిన ఎరాడికేట్, వ్యాధిని ప్రపంచమంతటా వేళ్లతో పెకలించడాన్ని చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో అలా ప్రకటించిన మశూచి, 2011లో ఆ స్థాయి చేరిన పశువుల ముసర వ్యాధి, ఈ రెండే ఇప్పటివరకు దీనికి ఉదాహరణలు. గడప అనే పదం నుంచి వచ్చిన ఎలిమినేట్‌కు గడప బయటికి పంపడమని మూలార్థం. ఒక దేశంలో లేదా ప్రాంతంలో వ్యాధి వ్యాప్తిని ఆపడానికి ఇది వర్తిస్తుంది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతంతో పాటు భారతదేశం పోలియో రహితంగా ధ్రువీకరణ పొందినా, ఆ వైరస్ ప్రపంచంలో వేరేచోట బతికే ఉంది కాబట్టి ఇక్కడి పిల్లలకు చుక్కలు వేయడం ఆగలేదు. కుష్ఠు విషయంలో ఎలిమినేట్ అర్థం మరింత పరిమితం. జనాభాలో 10,000 మందికి ఒకరికంటే తక్కువ రోగులుండటమే అక్కడ కొలబద్ద; జాతీయ స్థాయిలో భారతదేశం 2005లో దాన్ని అందుకున్నా, కొత్త రోగులు బయటపడుతూనే ఉన్నారు. నిర్మూలన అనే ఒక్క మాట విని జబ్బు ఇక లేదనుకునే మనిషి, ఒంటిమీద స్పర్శలేని మచ్చ కనిపించినా ఆసుపత్రికి వెళ్లకపోవచ్చు. అందువల్ల ఎరాడికేట్‌ను నిర్మూలన అనీ, ఎలిమినేట్‌ను సందర్భాన్ని బట్టి దేశంలో వ్యాప్తి ఆగిందనీ, నిర్దేశిత స్థాయికి తగ్గిందనీ విడమరచి రాయడం అవసరం.

ప్రశ్న: అనైహిలేట్, అబ్లిటరేట్ రెండూ ఆనవాలు లేకుండా చేయడాన్నే చెబుతాయా?

జవాబు: చాలావరకు అంతే, కాని చూసే కోణం వేరు. శూన్యం అనే అర్థంగల లాటిన్ పదం నుంచి వచ్చిన అనైహిలేట్ ఉనికి పోవడాన్ని చెబుతుంది. ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన పాజిట్రాన్ కలిసి కణాలుగా అంతరించి గామా కిరణాలుగా మారడాన్ని భౌతికశాస్త్రం ఈ మాటతోనే పిలుస్తుంది. అక్షరం అనే పదంతో ముడిపడిన అబ్లిటరేట్ జాడ చెరిగిపోవడాన్ని చెబుతుంది. శాసనం మీది రాత చదవడానికి వీలులేనంతగా అరిగిపోతే, రాయి నిలిచి ఉన్నా రాత అబ్లిటరేట్ అయినట్లే.

ప్రశ్న: తుఫాను వార్తను ఇంగ్లీషులో రాసేటప్పుడు ఏ క్రియ వాడాలి? బిల్డింగ్ డిస్ట్రాయ్డ్ అనడం సరైనదేనా?

జవాబు: తెలుగులో కూలడం, కూల్చడం అని రెండు రూపాలున్నట్లు డిస్ట్రాయ్‌కు లేవు. అది ఎప్పుడూ కర్మను కోరే క్రియ కాబట్టి, భవనం నాశనమైందన్న అర్థంలో కర్మణి ప్రయోగమైన వాజ్ డిస్ట్రాయ్డ్ అనే రాయాలి. దానంతటది కూలిందని చెప్పాలంటే కొలాప్స్ ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి వేలమందిని బలిగొన్నట్లు, ఒక ప్రాంతమంతా పాడుపడినప్పుడు డెవస్టేట్ తగిన మాట. అయితే ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంత విస్తృతమైన మాట చాలదు. విపత్తు సహాయ నిబంధనలు ఇళ్లను పూర్తిగా ధ్వంసమైనవి, తీవ్రంగా దెబ్బతిన్నవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని విడదీసి, ఏ వర్గానికి ఎంత సాయమో నిర్ణయిస్తాయి. నివేదికలో డిస్ట్రాయ్ ఉండవలసిన చోట డ్యామేజ్ పడితే ఒక కుటుంబానికి అందవలసిన సొమ్ము తగ్గిపోతుంది కాబట్టి, రాసేవారు ఇంటిని స్వయంగా చూసి, గోడలు, కప్పు ఏ మేరకు మిగిలాయో తెలుసుకున్న తరువాతే క్రియను ఎంచుకోవాలి.