వేళ్ల తాళాలు జారిపోతున్నాయా?

ప్రశ్న: బెల్లీ డాన్స్ ఈమధ్యే మొదలుపెట్టాను. వేళ్లకు తొడుక్కునే తాళాలు కొన్నాను గానీ వాయిస్తుంటే జారిపోతున్నాయి. టకటకమనడమే తప్ప నాదం రావడం లేదు. పైగా నల్లబడుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఈజిప్టులో సాగాత్ అని, టర్కీలో జిల్ అని పిలిచే ఈ తాళాలు చేతికి రెండు చొప్పున నాలుగు. ఒకటి బొటనవేలికి, ఒకటి నడిమివేలికి. జారుతున్నాయంటే ముందు ఎలాస్టిక్‌నే అనుమానించండి. గోటి మొదలుకూ మొదటి కణుపుకూ మధ్య బిగుతుగా కూర్చోవాలి, వేలు నీలం తిరిగేంత మాత్రం కాదు. ఒకే రంధ్రం ఉన్నవాటికంటే రెండు గాట్లున్నవి తక్కువ కదులుతాయి. మళ్లీ కొంటే అవే కొనండి.

నాదం పలకాలంటే అంచులు తాకీతాకగానే విడదీయాలి. నొక్కి పట్టుకుంటే టక్కుమని ఆగిపోతుంది. (ఆ మొద్దు శబ్దమూ పనికొస్తుంది, కానీ తర్వాత.) కుడి, ఎడమ, కుడి, చిన్న విరామం: ఈ వరుసను ముందు కూర్చుని, తర్వాత నడుస్తూ, ఆ తర్వాతే నడుము కదుపుతూ సాధన చేయండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. ఇది కుదిరాక మక్సూమ్ అనే లయకు వెళ్లొచ్చు. పక్కింటివాళ్లు విసుక్కుంటుంటే ఒక్కో చేతిలో ఒక తాళానికి పాత సాక్సు తొడగండి.

నల్లబడటానికి చెమట ఒక కారణం. వాయించడం అవగానే పొడిగుడ్డతో తుడవండి. ఉత్త ఇత్తడివైతే మన చింతపండు చాలు. ఎలాస్టిక్ తీసేసి రుద్ది, పులుపు మిగలకుండా కడిగి, వెంటనే తడి తుడిచేయండి. పూత వేసినవాటికి మాత్రం చింతపండు వద్దు.