పాత ల్యాప్‌టాప్ మొరాయించినపుడు

కొత్తగూడెము అడవి అంచు గ్రామములకు మరమ్మతు దుకాణము దూరము. కావున పంచాయతీ ల్యాప్‌టాప్ లోపములను గుర్తించుట మనము నేర్వవలెను.

తొలుత ఇంటిపన్ను లెక్కలను, తీర్మానములను పెన్‌డ్రైవ్‌లో భద్రపరుపవలెను. యంత్రమును మరల కొనవచ్చును. పోయిన లెక్కలు తిరిగి రావు.

వేలిముద్ర యంత్రము వంటి ఒక్క పరికరమే పనిచేయనిచో లోపము తరచు డ్రైవరులో ఉండును. డివైస్ మేనేజరులో దానిపై పసుపు గుర్తు కనబడును. ఆ మోడలుకు తగిన డ్రైవరును తయారీదారు వెబ్‌సైటు నుండియే తీసికొనవలెను.

విండోసే తరచు ఆగిపోవుచున్నచో సిస్టమ్ ఫైళ్ళు చెడియుండవచ్చును. అడ్మినిస్ట్రేటరుగా కమాండ్ ప్రాంప్ట్ తెరచి, ఆంగ్లాక్షరములలో ‘ఎస్‌ఎఫ్‌సి’, ఖాళీ, స్లాష్, ‘స్కాన్‌నౌ’ అని వరుసగా కొట్టి ఎంటర్ నొక్కవలెను. చెడిన ఫైళ్ళను వెదకి సరిచేయుటకు విండోస్ పూనుకొనును.

అయినను లోపము మరల వచ్చుచున్నచో హార్డ్ డిస్కును నిపుణునిచే పరీక్షింపజేయుట మేలు.