సర్ది పోయినంక మిగిలిన దగ్గు

మోతె

చిరంజీవి బిడ్డకు,

నిన్న ఫోనుల నాలుగు మాటలు పూర్తిగాకముందే నీకు దగ్గు అడ్డమొచ్చింది. సర్ది తగ్గింది గానీ దగ్గు మొదలై మూడు వారాలాయె అన్నవు. మళ్లొక సిరప్ సీసా కొన్నవని కోడలు చెప్పింది.

సర్ది పోయినంక దగ్గు మిగులుడు వింతేం గాదు. వైరస్ పోతది గానీ గాలిగొట్టం లోపలి పొర పచ్చిగనే ఉంటది. అది మానేదాక చల్లగాలి తగిలినా, నవ్వినా దగ్గు లేస్తది. కొందరికి ఎనిమిది వారాలు కూడ పడుతది. 2013ల అమెరికా డాక్టర్లు లెక్కదీస్తే, జనం 7 నుంచి 9 రోజుల్ల దగ్గు పోవాలె అనుకుంటున్నరు, పోయేతందుకు సగటున 18 రోజులు పడుతున్నది. ఆ ఓపిక లేకనే యాంటిబయోటిక్ గోళీలు మింగుతరు. అవి బ్యాక్టీరియాను చంపేవి, వైరస్‌ను ఏం చెయ్యలేవు.

నువ్వు మిర్యాలగూడ రైసుమిల్లుల ఉంటివి. ఊక దుమ్ము ఆ పొరను మాననియ్యదు. మిల్లుల ఉన్నంతసేపు మాస్కు తియ్యకు, బీడీ మానెయ్. తలగడ ఎత్తు పెట్టుకొని పండుకో. గోరువెచ్చని నీళ్లల్ల తేనె కలుపుకొని తాగు. బుడ్డోనికి ఏడాది నిండలే, వానికి తేనె నాకియ్యొద్దు. నీ సీసాలది చెంచాడు కూడ పొయ్యొద్దు. 2025ల మధ్యప్రదేశ్ ఛింద్వాడా దిక్కు డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గుమందు తాగి, కిడ్నీలు చెడి, పసిపిల్లలు పోయిండ్రు. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, సర్ది మందులు రాయొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ అప్పుడే చెప్పింది.

ఇగ అసలు సంగతి. దగ్గు రెండు వారాలు దాటితే మన దేశంల తెమడ పరీక్ష చేయించుకోవాలె. నీకు టీబీ ఉన్నదని నేననను, లేదని తేల్చుకుందాం. దవాఖాన వరండాల ఎవరన్న చూస్తే చెల్లె సంబంధానికి అడ్డమైతదని నీ మనసుల ఉన్నది, నాకెరుకే. ఈ భయంతోనే మన పల్లెల్ల నెలలకొద్దీ దగ్గును దాస్తరు. అది నిజంగ టీబీ అయితే, దాచినన్ని రోజులు ఇంట్ల వాళ్లకే అంటుతది. ఎక్కువమందికి ఆరు నెలల మందుతోని నయమయ్యే రోగమది. మందులు సర్కారు ఉచితంగ ఇస్తది, 2024 నవంబరు నుంచి తిండికి నెలకు 1,000 రూపాయలు కూడ బ్యాంకుల వేస్తున్నది.

పొద్దుగాల లేవంగనే నోరు పుక్కిలించి, లోతుగ ఊపిరి తీసి, ఛాతిలకెళ్లి తెమడ తియ్యి. ఉత్త ఉమ్మి ఇస్తే పరీక్ష వట్టిదే అయితది. తెమడల రక్తపు చార, సాయంత్రం జ్వరం, ఆయాసం, బరువు తగ్గుడు, వీటిల ఏది కనిపించినా ఒక్క రోజు కూడ ఆగకు.

సోమవారం మిల్లుకు సెలవు పెట్టు. అక్కడి సర్కారు దవాఖానకు పోదాం, నేను పొద్దుగాల బస్సుకే బయలెల్లి వస్త. నీకు అక్కడ మొగమాటమైతే ఇటే రా, సూర్యాపేటకు తీస్కపోత.

మీ పెద్దనాయన