ఆటబట్టల రంగు

చీమకుర్తి గల ప్రకాశము జిల్లాలో ప్రత్తి పండును. ప్రత్తిబట్ట మెత్తన, కాని చెమటకు తడిసి త్వరగా ఆరదు. ఋతుదినములలో ఆడు బాలికకు ఆ తడికంటె, మరక కనబడునేమోయను బెదురే ఎక్కువ.

ఈ బెదురు మన బాలికలకే కాదు. హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా 2015లో వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచినప్పుడు, పైకి కనబడు లోదుస్తులును తెల్లగనే యుండవలెనని అచటి నియమము. ఆమె 2022లో అచట కడపటిసారి ఆడెను. ఆ నవంబరులోనే నియమము సడలెను! 2023 నుండి స్త్రీలు లోపల ముదురురంగు నిక్కరు తొడుగవచ్చును. అది పైవస్త్రముకంటె పొడవు కారాదు. ఆ యేడే ఇంగ్లండు మహిళా ఫుట్‌బాల్ జట్టు తెల్లనిక్కర్లు మాని నీలివి ధరించెను.

స్రావమును పీల్చు పొరయు, దానిని వెలికి పోనీయని పొరయు కలిపి కుట్టిన నిక్కర్లును నేడు లభించుచున్నవి. అవి కొనలేనివారికి ముదురురంగు నిక్కరు చాలును. దర్జీకి తెల్లగుడ్డయైనను నల్లగుడ్డయైనను కుట్టుపని ఒక్కటే.